ఫ్రెంచ్ సంగీత మరబొమ్మలు, పాత బిస్క్ బొమ్మల సేకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

కీ ఇస్తే తల తిప్పి, రెప్పలు వాల్చి, విసనకర్ర విసురుకునే బొమ్మలివి. అడుగున ఉన్న పెట్టెలోంచి సన్నగా పాట వస్తుంటుంది. సుమారు 1850 నుంచి 1914 దాకా ఇవి ఎక్కువగా పారిస్‌లో, అందులోనూ మారే అనే పేటలోని కార్ఖానాల్లో తయారయ్యాయి. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవారు, ఇంట్లో పెద్దలు వదిలివెళ్లిన బొమ్మను ఏం చేయాలో తెలియనివారు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. బొమ్మ ఇప్పటికే మీ చేతిలో ఉంటే, కింద "మొదటిసారి కీ ఇచ్చేముందు" అన్న జవాబు చదివేదాకా తాళంచెవి ముట్టుకోకండి.

మరబొమ్మకీ, మామూలు ఫ్రెంచ్ బొమ్మకీ తేడా ఏమిటి?

మామూలు బొమ్మ పిల్లలు ఆడుకోవడానికి చేసింది. జుమో, బ్రూ, గోతియే, స్టైనర్ కంపెనీల "బెబే" (చిన్నపిల్ల రూపం) బొమ్మలు ఈ కోవలోవి. తల బిస్క్, అంటే మెరుపు పూత లేకుండా కాల్చిన పింగాణీ. ఒళ్లు కాగితపు గుజ్జుతోనో, చెక్కతోనో, మేకపిల్ల తోలుతోనో చేస్తారు. మరబొమ్మ పెద్దల కోసం చేసింది. హాల్లో బల్లమీద పెట్టి అతిథులకు చూపించే వస్తువు అది, ఆ రోజుల్లోనే ఖరీదైనది. ముఖాలు చాలాసార్లు రెండింటికీ ఒకచోటి నుంచే వచ్చేవి. జుమో తలలు తెప్పించుకుని లియోపోల్డ్ లాంబేర్ తన యంత్రాలమీద బిగించేవాడు. అందుకే ఈ రెండు సేకరణలూ విడదీయలేనంతగా కలిసిపోయాయి.

మధ్యస్థంగా ఇంకో రెండు రకాలున్నాయి. చేత్తో పిడి తిప్పితే పాట వస్తూ బొమ్మలు ఊగేవి మానివెల్‌లు. కర్ర చివర బొమ్మ తల, మెడ కింద గుండ్రటి డబ్బాలో చిన్న సంగీత యంత్రం ఉండి, గిరగిరా తిప్పితే పాడేవి మరోట్‌లు. వీటిలో స్ప్రింగ్ ఉండదు కాబట్టి చెడిపోయేదీ తక్కువే.

ముఖ్యమైన తయారీదారులు ఎవరు?

బ్లేజ్ బోంతెమ్ 1849లో మొదలుపెట్టాడు. పాడే పిట్టలకు అతని తర్వాతే ఎవరైనా. పంజరంలో పిట్టలు, గాజుబుడ్డి కింద చెట్టుకొమ్మల మీద పిట్టలు అతని ప్రత్యేకత. ఆ సంస్థను 1960లో స్విట్జర్లాండ్‌లోని ర్యూజ్ కంపెనీ కొనుక్కుంది. అంతకంటే ముందుతరం పేరు తెరూడ్. ఫలిబ్వా పేరు చెబితే గాజుబుడ్డి కింద మనుషుల్లా బట్టలేసుకున్న కోతులు గుర్తొస్తాయి.

గుస్తావ్ విషీ 1860 దశకం నుంచి 20వ శతాబ్ది మొదటి ఏళ్ల దాకా చేశాడు. కదలికల సంఖ్యలో, ముఖంలో పలికే భావంలో అతనితో పోటీపడేవారు లేరు. దీపం ముందు ఉత్తరం రాస్తూ కునికిపాట్లు పడే పియరో (ఫ్రెంచ్ నాటకాల్లోని తెల్లముఖం విదూషకుడు) అతని పనితనానికి గీటురాయి. విషీ దగ్గర పనిచేసి బయటికొచ్చిన లాంబేర్, నాజూకైన స్త్రీ బొమ్మలకు పేరు పొందాడు. పూలు అమ్మేవి, పౌడరు అద్దుకునేవి, విసనకర్ర పట్టుకున్నవి ఎక్కువగా అతనివే. జాన్ రూలే మొదలుపెట్టి, అల్లుడు ఎర్నెస్ట్ దెకాంతో కలిసి రూలే ఎ దెకాం అయిన సంస్థ అందరికంటే ఎక్కువకాలం నడిచింది, ఎక్కువ సంఖ్యలో చేసింది. క్యాబేజీలోంచి తల బయటపెట్టే కుందేలు దగ్గర్నుంచి నిలువెత్తు పాములాడించే అమ్మాయి దాకా వాళ్ల జాబితాలో ఉన్నాయి.

ఎవరు చేశారో ఎలా తెలుస్తుంది?

ముందు తాళంచెవి చూడండి. దానిమీద జి.వి. అని ఉంటే విషీ, ఎల్.బి. అని ఉంటే లాంబేర్, ఆర్.డి. అని ఉంటే రూలే ఎ దెకాం. కానీ తాళంచెవి పోవడం, ఇంకోదాన్నుంచి రావడం చాలా మామూలు. ఒక్క తాళంచెవిని నమ్మి పేరు ఖాయం చేసుకోకండి. యంత్రం పలకల కోత, మీటల అమరిక, పీఠం చెక్క, దానిమీద మఖమల్ అంటించిన తీరు ఇవన్నీ ఒకే మాట చెప్పాలి.

తల వెనక, విగ్గు కింద ఉండే ముద్ర తల ఎవరిదో చెబుతుంది, యంత్రం ఎవరిదో చెప్పదు. "డెపోజే తేత్ జుమో" అని ఎర్ర సిరాతో ముద్ర, దాని కింద సైజు అంకె ఉంటే అది 1880ల మధ్య నుంచి వచ్చిన జుమో తల. చుట్టిన కాగితం ఆకారపు గీత లోపల ఎఫ్.జి. అని ఉంటే గోతియే. ఎస్.ఎఫ్.బి.జె. అని ఉంటే 1899లో జుమో సహా చాలా ఫ్రెంచ్ కంపెనీలు కలిసిపోయి ఏర్పడిన సంస్థది, కాబట్టి ఆ ఏడాదికి ముందుది కాదు. ఎస్.జి.డి.జి. అన్న నాలుగక్షరాలు చూసి కొందరు అదో పెద్ద కంపెనీ అనుకుంటారు. పేటెంటు ఉంది గానీ ప్రభుత్వం పూచీ లేదు అని చెప్పడానికి ఫ్రెంచ్ చట్టం 1844 నుంచి 1968 దాకా రాయించిన మాట అది. కాలం నిర్ణయించడానికి పెద్దగా పనికిరాదు. దేశం పేరు ముద్రించి ఉండటం మాత్రం కొంత పనికొస్తుంది. దిగుమతులమీద దేశం పేరు ఉండాలని అమెరికా చట్టం చేశాక, 1891 నుంచి ఇది బాగా పెరిగింది.

మరబొమ్మ ఫ్రెంచిది, తల మీద జర్మన్ ముద్ర ఉంది. మోసమా?

కాదు. సిమోన్ హాల్బిగ్ అనే జర్మన్ కంపెనీ తలలను రూలే ఎ దెకాం బాగా వాడింది. వాళ్ల నడిచే బొమ్మ "లాంట్రెపీడ్ బెబే"కి కూడా జర్మన్ తల మామూలే. తల మెడ గుంటలో సరిగ్గా కూర్చుందా, రెప్పలు కదిపే తీగకు తగ్గ రంధ్రం అసలుదేనా అన్నది చూడాలి. జుమో తల ఉన్న బొమ్మకు ధర ఎక్కువ పలుకుతుంది కాబట్టి, జర్మన్ తల తీసేసి జుమో తల పెట్టినవి బజార్లో ఉన్నాయి. మెడ దగ్గర కొత్తగా అరగదీసిన గుర్తులు, కొత్త జిగురు, మెడ చుట్టూ అనవసరంగా ఒత్తుగా కుట్టిన లేసు కనిపిస్తే అనుమానించండి.

లోపల యంత్రం ఎలా పనిచేస్తుంది?

ఇత్తడి డబ్బీలో స్ప్రింగ్ ఉంటుంది. కీ ఇస్తే అది బిగుసుకుంటుంది. విప్పుకుంటూ పళ్ల చక్రాలను తిప్పుతుంది. వాటి చివర సన్నని మరచుట్టు ఇరుసు మీద చిన్న రెక్క ఉంటుంది, అదే గవర్నర్. రెక్క గాలిని కోస్తూ గిర్రున తిరుగుతూ మొత్తం వేగాన్ని అదుపులో ఉంచుతుంది. అదే శక్తి రెండు వైపులా పోతుంది. ఒకవైపు అంచులు ఎగుడుదిగుడుగా కోసిన బిళ్లలు, అంటే క్యామ్‌లు. ఒక్కో బిళ్ల అంచుమీద ఒక్కో మీట తోక పాకుతుంది. ఆ మీట నుంచి తీగ పైకి పోయి చెయ్యి, తల, రెప్ప కదుపుతుంది. బిళ్లలు ఎన్ని ఉంటే కదలికలు దాదాపు అన్ని.

ఇంకోవైపు సంగీతం. ఇత్తడి గొట్టం మీద సన్నని ఉక్కు ముళ్లు నాటి ఉంటాయి. గొట్టం తిరుగుతుంటే ముళ్లు ఉక్కు దువ్వెన పళ్లను మీటుతాయి. గొట్టం పక్కకు వెంట్రుకవాసి జరిగితే ఇంకో వరుస ముళ్లు పళ్ల కిందికి వస్తాయి, పాట మారుతుంది. మరబొమ్మల్లో ఒకటి నుంచి నాలుగు పాటలు మామూలు. దువ్వెనలు ఎక్కువగా స్విట్జర్లాండ్‌లోని సాంత్ క్రువా ప్రాంతం నుంచి వచ్చేవి. 1839లో మొదలైన లెపే కార్ఖానా నుంచి ఫ్రాన్స్‌లో చేసినవి కూడా ఉన్నాయి. మంద్రస్వరాల పళ్ల కింద బరువు కోసం సీసం ముద్దలుంటాయి. పన్ను ఇంకా మోగుతుండగా తర్వాతి ముల్లు తగిలితే కీచుమనకుండా సన్నని తీగ ఆపుడు పలకలు కూడా ఉంటాయి. ఈ రెండూ చాలా ఇబ్బందులు తెస్తాయి, కింద చెబుతాం.

మొదటిసారి కీ ఇచ్చేముందు ఏం చూడాలి?

అన్నిటికంటే ముఖ్యమైన జవాబు ఇది. స్ప్రింగ్ బిగిసి ఉండగా గవర్నర్ ఊడినా, దాని పన్ను విరిగినా, ఎవరో దాన్ని విప్పినా అదుపు పోతుంది. ఒకటి రెండు సెకన్లలో గొట్టం గిర్రున తిరిగి ముళ్లు వంగిపోతాయి, దువ్వెన పళ్లు విరిగి ఎగురుతాయి. దీన్ని ఈ రంగంలో "రన్" అంటారు. బాగుచేయించే ఖర్చు బొమ్మ ధరను మించిపోవచ్చు.

కాబట్టి ముందు కీ ఇవ్వకండి. బొమ్మను మెత్తటి తువ్వాలు మీద పక్కకు వాల్చి, పీఠం అడుగు పలక ఉంటే దాని మేకులు తీసి, టార్చితో చూడండి. రెక్క ఉందా? దాని ఇరుసు నిటారుగా ఉందా? బొమ్మ ఆగిపోయి ఉండి, తాళంచెవిని కొద్దిగా తిప్పగానే గట్టిగా ఎదురొస్తే లోపల స్ప్రింగ్ బిగిసి ఎక్కడో ఇరుక్కుందన్నమాట. అప్పుడు అగ్గిపుల్లతో రెక్కను కదిపి చూద్దామని అనిపిస్తుంది. కదపకండి. ఇరుకు వదిలితే రన్ అయ్యేది అప్పుడే. అది పనివాడికి అప్పజెప్పాల్సిన స్థితి.

భూతద్దంతో ముళ్లు చూడండి. అన్నీ ఒకేవైపు వంగి ఉంటే గతంలో రన్ అయింది. దువ్వెనలో విరిగిన పళ్లు లెక్కపెట్టండి. చివర్లు మాత్రమే పోయినా లెక్కలో వేయండి. పళ్లను గోటితో మీటి చూడొద్దు, కింద ఉన్న ఆపుడు తీగలు వంగుతాయి. బట్టలు, జుట్టు ఏ మీటకైనా చుట్టుకున్నాయేమో చూడండి. అంతా బాగుంటే రెండే చుట్లు కీ ఇచ్చి వినండి. తాళంచెవి ఎదురొచ్చినచోట ఆపేయండి, వెనక్కి తిప్పకండి. చేత్తో తల తిప్పి, చెయ్యి ఎత్తి "కదులుతుందా" అని చూడటం ఇంకో పెద్ద పొరపాటు. మీట తోక బిళ్లమీంచి జారి వంగుతుంది.

వేరువేరు బొమ్మల భాగాలు కలిపి చేసినదాన్ని ఎలా పట్టుకోవాలి?

తల, యంత్రం, సంగీతం, బట్టలు, పీఠం ఈ అయిదూ మొదటినుంచీ కలిసి ఉన్నవైతేనే పూర్తి విలువ. బజార్లో ముఖం చూసి ధర పలుకుతుంది. అది తప్పు లెక్క అని మా గట్టి అభిప్రాయం. అందమైన జుమో ముఖం కింద వేరే బొమ్మ మోటారు (స్ప్రింగ్ యంత్రం), చైనా సంగీత యంత్రం ఉంటే అది పైన పటారం లోన లొటారమే. ముఖం సాదాగా ఉండి, నూరేళ్లుగా ఎవరూ విప్పని యంత్రం ఉన్న బొమ్మ దానికంటే మంచి కొనుగోలు.

పలకలో వాడని స్క్రూ రంధ్రాలుంటే, ఇంతకుముందు అక్కడ వేరే యంత్రం బిగించి ఉండేది. ప్లస్ ఆకారపు గాటు ఉన్న స్క్రూలు 1930ల దాకా లేవు, కాబట్టి అవి కనిపిస్తే ఆ భాగం తర్వాతిది. పాట మార్చే మీట బయటికి వచ్చేచోట పీఠంలో గాటు కొత్తగా కోసినట్టుంటే సంగీతం మార్చారు. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ టార్చి వేయండి. లేసు, దారం నీలంగా ధగధగలాడితే దాదాపు 1950ల తర్వాతి బట్టయినా అయ్యుండాలి, ఈ కాలపు డిటర్జెంటుతో ఉతికినదైనా అయ్యుండాలి. ముఖం మీద ఒక మచ్చ మాత్రం వేరే రంగులో మెరిస్తే అక్కడ రంగు దిద్దారు. బిస్క్ మీద అసలు రంగు కొలిమిలో కాలినది, అది చర్మంలా ఒకే తీరున కనిపిస్తుంది.

పాత అచ్చులతో, మిగిలిపోయిన విడిభాగాలతో తర్వాతి కాలంలో చేసిన బొమ్మలు కూడా ఉన్నాయి. బాగా చేసినవే, కానీ ఆ మాట చెప్పి ఆ ధరకే అమ్మాలి.

తలలో సన్నని పగులుంటే ధర ఎంత తగ్గుతుంది?

ఎక్కడుందన్నదాన్ని బట్టి. విగ్గు కింద, నుదుటి అంచు దాటని వెంట్రుక పగులు మామూలు బెబే బొమ్మకు గట్టి దెబ్బ, మరబొమ్మకు కొంచెమే. బెబేలో ముఖమే సర్వం. మరబొమ్మలో యంత్రానికీ వాటా ఉంది. కంటినుంచి చెంప మీదుగా దిగిన పగులు రెండింటినీ దెబ్బతీస్తుంది. పరీక్ష తేలిక. అమ్మేవారి అనుమతితో విగ్గు ఎత్తి, తలలోపల చిన్న ఎల్‌ఈడీ లైటు పెట్టి, గదిలో దీపాలు ఆర్పండి. పగులు నల్లటి గీతగా కనిపిస్తుంది. వేడెక్కే బల్బు పెట్టకండి, కళ్లను పట్టి ఉంచిన ప్లాస్టర్ వదిలిపోతుంది.

పట్టు బట్టలు చివికిపోతున్నాయి. కొత్తవి కుట్టించవచ్చా?

ఆ కాలపు పట్టుకు బరువు, గరగర రావడానికి లోహ లవణాలు పట్టించేవారు. అందుకే అది మడతల వెంట నిలువునా చీలిపోతుంది. ఉతకడం, ఇస్త్రీ చేయడం దానికి ఆఖరి రోజు. చీలినచోట్ల కనిపించీ కనిపించని సన్నని పట్టు వల కప్పి, ఆ వలను మాత్రమే కుట్టి నిలబెట్టే పద్ధతి ఉంది. బట్టల సంరక్షణ తెలిసినవారితో చేయించండి. పూర్తిగా పోయిందంటే కొత్తది వేయించొచ్చు. కానీ పాత ముక్క ఒక్కటి కూడా పారేయకండి. ఆమ్లం లేని టిష్యూ కాగితంలో చుట్టి బొమ్మతోపాటే ఉంచండి. కొత్త బట్టలు కుట్టేవారికి ఒక్క సంగతి చెప్పండి: చంకల్లో, మోచేతుల దగ్గర బిగువు వద్దు. బాగుచేసిన మరబొమ్మ మళ్లీ ఆగిపోవడానికి తరచూ కారణం బిగుతైన చొక్కాయే.

మొదలుపెట్టడానికి ఎంత కావాలి?

మరోట్‌లు, మానివెల్‌లు కొన్ని వందల యూరోల్లో దొరుకుతాయి. క్యాబేజీ కుందేలు లాంటి సాదా రూలే ఎ దెకాం బొమ్మలు దానికి పై మెట్టు. జుమో తల ఉన్న లాంబేర్ స్త్రీ బొమ్మలు వేలల్లో ఉంటాయి. పెద్ద విషీ బొమ్మలు పదివేల యూరోలు దాటి ఎంతదూరమైనా పోతాయి. మొదటి కొనుగోలుగా పనిచేసే చిన్నది కొనడమే మేలు. "కొంచెం రిపేరు చేయిస్తే చాలు" అన్న పెద్ద బొమ్మ జోలికి పోవద్దు. గొట్టానికి మళ్లీ ముళ్లు నాటడం, దువ్వెన పన్ను కొత్తది అతికి శ్రుతి చేయడం చేయగలవారు ప్రపంచంలోనే కొద్దిమంది. వాళ్ల దగ్గర వరుసా పెద్దదే.

ఎక్కడ కొనాలి?

పారిస్‌లో ద్రువో వేలం భవనం, ఫ్రాన్స్‌లోనే షార్త్ర్ పట్టణంలోని బొమ్మల వేలాలు, జర్మనీలోని కొలోన్‌లో బ్రెకర్, అమెరికాలో అనాపొలిస్‌లోని థెరియాల్ట్స్ ఈ వస్తువులకు తెలిసిన చోట్లు. పాడిన ధర మీద కొనుగోలుదారు రుసుము కలుస్తుంది. సాధారణంగా అది నూటికి 20 నుంచి 30 దాకా ఉంటుంది. ఆపైన ప్యాకింగు, రవాణా, సుంకం. మీ గరిష్ఠ ధర వేసుకునేటప్పుడు ఇవన్నీ తీసేసి వేసుకోండి. ఫ్రాన్స్ వేలంలో సుత్తి పడ్డాక కూడా ప్రభుత్వ మ్యూజియాలకు అదే ధరకు ముందుగా తీసుకునే హక్కుంది. అరుదే కానీ జరుగుతుంది.

వేలం కంపెనీని మూడు అడగండి: బొమ్మ ఆడుతున్న వీడియో (సంగీతం వినబడేలా, ఒక పాట పూర్తయ్యేదాకా), అడుగునుంచి యంత్రం ఫొటో, విగ్గు తీసిన తల ఫొటో. "పనిచేస్తోంది" అన్న ఒక్క మాటకు అర్థం లేదు. తల ఊగినా పనిచేస్తున్నట్టే రాస్తారు.

భారత్‌కు తెప్పించుకుంటే చట్టం ఏమంటుంది?

వస్తువు వయసు నూరేళ్లు దాటిందని ఇన్‌వాయిస్‌లో, వీలైతే నిపుణుడి ధ్రువపత్రంలో స్పష్టంగా ఉండాలి. అప్పుడు కస్టమ్స్ లెక్కలో అది 9706 శీర్షిక కిందికి, అంటే నూరేళ్లు దాటిన పురాతన వస్తువుల్లోకి వస్తుంది. ఊరికే "బొమ్మ" అని రాసి పంపితే పిల్లల ఆటబొమ్మల తరగతిలో పడుతుంది. ఆ తరగతికి సుంకం చాలా ఎక్కువ, పైగా 2021 జనవరి నుంచి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నాణ్యతా నిబంధన కూడా ఉంది. రేట్లు మారుతుంటాయి కాబట్టి పాడకముందే కస్టమ్స్ బ్రోకర్‌తో లెక్క వేయించుకోండి.

దంతం ఉంటే దూరంగా ఉండండి. వీణలాంటి చిన్న వాద్యం అలంకరణలో, విసనకర్ర పుల్లల్లో దంతం ఉండొచ్చు. పిట్ట పెట్టెల మూతలు కొన్ని సముద్రపు తాబేలు చిప్పతో చేసినవి. హమ్మింగ్ పిట్టల ఈకలకూ అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం అనుమతులు కావాలి. ఇవి లేవని అమ్మేవారు రాసిస్తేనే ముందుకెళ్లండి.

తిరిగి పంపడం ఇంకా కష్టం. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయడాన్ని నిషేధిస్తుంది. విదేశాల్లో ఉండి "ఇండియాలో అమ్మానాన్నల దగ్గర పెడదాం, తర్వాత తెచ్చుకుందాం" అనుకునేవారు ముందే పురావస్తు శాఖను సంప్రదించాలి. దిగుమతి కాగితాలు ఏ ఒక్కటీ పారేయకూడదు.

పంపించేటప్పుడు ఎలా కట్టాలి?

స్ప్రింగ్ పూర్తిగా విప్పుకునేదాకా ఆడనిచ్చి ఆపాలి. బిగిసిన స్ప్రింగ్‌తో ప్రయాణం చేయిస్తే ఒక్క కుదుపుకు రన్ అవుతుంది. తాళంచెవి, విసనకర్ర, పూలబుట్ట లాంటి విడి వస్తువులు వేరే సంచిలో పెట్టండి. తలకూ చేతులకూ మధ్య టిష్యూ ఉండలు కూర్చి కదలకుండా చేయండి. బుడగల ప్లాస్టిక్ నేరుగా పట్టుమీద, ముఖంమీద తగలకూడదు. గాజుబుడ్డి ఎప్పుడూ వేరే పెట్టెలో. పెట్టెలో పెట్టె, మధ్య అన్నివైపులా కనీసం 5 సెంటీమీటర్ల మెత్త ఉండాలి. పడుకోబెడితే కళ్లు మూసుకునే మామూలు బొమ్మనైతే బోర్లా పెట్టి పంపండి, అప్పుడు లోపలి సీసం బరువు వెనక్కి కొట్టుకుని కళ్లను పగలగొట్టదు.

హైదరాబాద్ ఎండకు, విశాఖ తేమకు ఇవి తట్టుకుంటాయా?

శ్రద్ధ పెడితే తట్టుకుంటాయి. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే మేలు. కోస్తాలో అది 70 దాటుతుంది. అప్పుడు దువ్వెన తుప్పు పడుతుంది, తోలు బూజెక్కుతుంది. 40కి కిందికి పోతే తోలు, కాగితపు గుజ్జు పగులుతాయి. అన్నిటికంటే చెడ్డది ఊగిసలాట. రాత్రంతా ఏసీ, పగలంతా ఆపేసిన గది కంటే ఏసీయే లేని లోపలి గది నయం. మూసుకునే గాజు బీరువా, అందులో సిలికా జెల్, ఒక తేమ కొలిచే మీటరు ఉంటే చాలు. రంగు మారిన జెల్‌ను ఆరబెట్టి మళ్లీ పెట్టండి.

బీరువా చెక్క కూడా ముఖ్యమే. ఓక్, కొత్త ప్లైవుడ్, ఎండీఎఫ్ ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి. దువ్వెన కింద సీసం ముద్దలు వాటికి తెల్లగా పొంగి పక్క పళ్లకు ఆనుకుంటాయి. మంద్రస్వరాలు మొద్దుబారి బుర్రుమనడానికి ఇదొక కారణం. పొడి పూత వేసిన ఇనుప బీరువా, గాజు తలుపులు మంచివి.

వేడి ఇంకో శత్రువు. గొట్టం లోపల ముళ్లను పట్టి ఉంచే రెసిన్ ఉంటుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారులో పెట్టెను వదిలేస్తే అది మెత్తబడి ఒకవైపుకు జారుతుంది. తర్వాత గొట్టం తిరుగుతుంటే లోపల టకటకమంటుంది. పట్టు, మఖమల్ ఉన్నచోట వెలుతురు 50 లక్స్ దాటకుండా చూడండి, కిటికీ ఎదురుగా పెట్టొద్దు.

కలరా ఉండలు, కర్పూరం బీరువాలో వేయకండి. ఆ ఆవిర్లకు మైనం, కొన్ని పాత వార్నిష్‌లు మెత్తబడతాయి. పురుగు అనుమానం ఉంటే బొమ్మను మిగతావాటి నుంచి వేరుచేసి, మూసిన పారదర్శక సంచిలో తెల్ల కాగితం మీద పెట్టి కొన్ని వారాలు గమనించండి. కాగితం మీద రాలిన పొడి, పొట్టు కనిపిస్తే సంరక్షకుడిని పిలవండి. పొగ, స్ప్రేలు వద్దు.

నూనె వేయాలా?

పలకల్లో ఇరుసులు తిరిగే రంధ్రాల దగ్గర, గవర్నర్ ఇరుసు కొనకు గడియారాల సింథటిక్ నూనె సూదిమొనతో చుక్కలో సగం. అంతే. దువ్వెన మీద, ముళ్ల మీద, పళ్ల చక్రాల పళ్ల మీద నూనె వద్దు. చెక్క, అట్ట బిళ్లలు పొడిగానే ఉండాలి. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె, తుప్పు వదిలించే స్ప్రే ఏదీ పనికిరాదు. అవి దుమ్ముతో కలిసి జిగురవుతాయి, స్ప్రే అయితే బట్టలను కూడా మరక చేస్తుంది. నెలకో రెండు నెలలకో ఒకసారి కొద్దిగా కీ ఇచ్చి ఆడించండి. మిగతా సమయం స్ప్రింగ్ విప్పుకునే ఉండాలి.

ఈ లక్షణాలకు కారణాలేమిటి?

నెమ్మదిగా మొదలై మధ్యలో ఆగితే ముందు బట్ట ఇరుక్కుందేమో చూడండి, తర్వాత గడ్డకట్టిన నూనె. పాట వేగంగా పోతుంటే గవర్నర్ రెక్క అరిగింది లేదా ఒక రెక్క పోయింది. వెంటనే ఆపాలి, రన్‌కు ముందుమెట్టు అది. సంగీతం వస్తూ బొమ్మ నిలబడిపోతే తీగ కొక్కెం ఊడింది, లేదా బిళ్లను ఇరుసుకు పట్టే స్క్రూ వదులైంది. తల ఒక్కసారిగా ఎగిరిపడితే మీట తోక బిళ్లమీంచి జారుతోంది. పాట మధ్య పిచ్చుకలా కీచుమంటే ఆపుడు తీగ వంగింది. రెండు పాటలు కలిసి వినిపిస్తే గొట్టం పక్కకు జరగాల్సినంత జరగలేదు, పాట మార్చే మెట్ల బిళ్ల చూడాలి.

పొగతాగే బొమ్మ, పాడే పిట్ట సంగతి?

రెండిట్లోనూ ప్రాణం తిత్తిలో ఉంది. పొగతాగే బొమ్మలో తోలు తిత్తి పొగను గొట్టం గుండా పీల్చి నోట్లోంచి వదులుతుంది. నిజంగా సిగరెట్టు వెలిగించి ఆడిస్తే తారు గొట్టాల్లో పేరుకుని తోలు బిగుసుకుపోతుంది. పెదవుల దగ్గర పలచని టిష్యూ ముక్క పట్టుకుంటే చాలు, ఊపిరి ఉందో లేదో తెలుస్తుంది. పిట్టలో తిత్తి ఊదే గాలి చిన్న ఈలలోకి పోతుంది, ఈలలో కదిలే ముషలకం (పిస్టన్) స్వరం మారుస్తుంది. పిట్ట కదులుతూ పాడకపోతే నూటికి తొంభైపాళ్లు తిత్తి తోలుకు చిల్లి. ఫెవికాల్‌తో అతకడం వద్దు. తర్వాత సరిగ్గా చేయాలన్నా వీల్లేకుండా పోతుంది.

మాట్లాడే, ఏడ్చే బొమ్మలు కూడా ఈ కోవలోకి వస్తాయా?

వస్తాయి. జూల్ స్టైనర్ గడియారాల పని తెలిసినవాడు. అతని "బెబే పార్లాన్" పడుకోబెట్టి కీ ఇస్తే కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ ఏడుస్తుంది. 1893లో జుమో, ఆన్రీ లియోరే చేసిన చిన్న ఫోనోగ్రాఫ్‌ను బొమ్మ పొట్టలో పెట్టి అమ్మింది. దాని సెల్యులాయిడ్ సిలిండర్లు వేడికి పాడవుతాయి, పాడవుతూ ఆమ్లపు ఆవిరి వదిలి పక్కనున్న లోహాన్ని తింటాయి, నిప్పు ఇట్టే అంటుకుంటాయి. బొమ్మలోంచి తీసి, గాలి ఆడే కాగితపు పెట్టెలో, చల్లటిచోట విడిగా ఉంచండి.

మా ఊళ్లో మంచి గడియారాల మెకానిక్ ఉన్నాడు. ఇవ్వవచ్చా?

మోటారు శుభ్రం చేయడం, ఇరుసు రంధ్రాలు సరిచేయడం దాకా ఇవ్వొచ్చు. స్ప్రింగ్ శక్తిని ముందు వదిలించాలని అతనికి తెలుసా అని అడిగి, విప్పే ప్రతి దశా ఫొటో తీయమనండి. ముఖ్యంగా ఏ మీట ఏ బిళ్లమీద ఉందో. దువ్వెన, గొట్టం మాత్రం ముట్టుకోవద్దనండి. వాటికి సంగీత పెట్టెల పని తెలిసినవారే కావాలి. 1949లో మొదలైన అంతర్జాతీయ మ్యూజికల్ బాక్స్ సొసైటీ, బ్రిటన్‌లోని అలాంటి సంఘం, ఫ్రాన్స్‌లోని యాంత్రిక సంగీత మిత్రుల సంఘం సభ్యులకు అలాంటివారి దారి చూపిస్తాయి.

కొనకముందు నిజమైనవి ఎక్కడ చూడొచ్చు?

న్యూజెర్సీలో ఉన్న తెలుగువారికి అదృష్టం దగ్గర్లోనే ఉంది. మోరిస్‌టౌన్‌లోని మోరిస్ మ్యూజియంలో గిన్నెస్ అనే సేకర్త కూర్చిన సేకరణ ఉంది. సుమారు 700 సంగీత యంత్రాలు, మరబొమ్మలు 2003లో అక్కడికి చేరాయి. ఆడించి చూపించే సమయాలు కనుక్కుని వెళ్లండి. ఆగి ఉన్న మరబొమ్మను చూస్తే సగం కూడా తెలియదు. ఫ్రాన్స్‌లో లె జే అనే ఆల్ప్స్ గ్రామంలో యాంత్రిక సంగీత మ్యూజియం, స్విట్జర్లాండ్‌లో సాంత్ క్రువా మ్యూజియం ఉన్నాయి. పారిస్‌లోని కళలు, వృత్తుల మ్యూజియంలో మరీ ఆంత్వానెత్ దగ్గరికి చేరిన 1784 నాటి తంత్రీవాద్యకారిణి ఉంది. చేసినవారు జర్మన్లు. మొనాకో జాతీయ మ్యూజియం దగ్గరున్న గలేయా సేకరణ గొప్పది గానీ ఎప్పుడూ ప్రదర్శనలో ఉండదు.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం గడియారంలో గంట గంటకూ బయటికొచ్చి గంట కొట్టే గడ్డం బొమ్మ ఫ్రెంచిది కాదు, కుక్ అండ్ కెల్వీ అమ్మిన ఇంగ్లిష్ గడియారం. అయినా మీట, బిళ్ల సూత్రం అదే.

సేకరణ గురించి ఏం రాసి పెట్టుకోవాలి?

ఒక్కో బొమ్మకు ఒక్కో కవరు. అందులో కొన్న కాగితం, దిగుమతి పత్రాలు, అన్నివైపుల ఫొటోలు, తల ముద్ర ఫొటో, అడుగునుంచి యంత్రం ఫొటో, దువ్వెనలో మొత్తం పళ్లు, విరిగినవి ఎన్ని, తాళంచెవి మీది అక్షరాలు, చేయించిన ప్రతి రిపేరు, తీసేసిన ప్రతి భాగం ఎక్కడుందో. ఏడాదికోసారి బొమ్మ ఆడుతుండగా ఒక పాట పూర్తిగా రికార్డు చేయండి. పాత రికార్డింగుతో పక్కపక్కన పెట్టి వింటే గవర్నర్ అరుగుదల, మొద్దుబారుతున్న పళ్లు చెవికి ముందే తెలుస్తాయి. పీఠం అడుగున పాటల పేర్లు రాసిన పాత కాగితం ఉంటే ఫొటో తీసి వదిలేయండి. ఊడుతోందని కొత్త జిగురు పెట్టకండి, టేపు అసలే వేయకండి.